మేకలు మేసిన కంది సాళ్లే గుబురుగా ఉన్నాయి. కొరికితే మొక్కకు లాభమా?

గట్టు పక్క ఇల్లు
నవంబరు 23

అందరికీ నమస్కారం. మాది తాండూరు దగ్గర పల్లె. రెండెకరాల నల్లరేగడిలో కంది వేశాను. జూన్ చివరి వారంలో విత్తాం. ఆగస్టు రెండో వారానికి చేను మోకాలి ఎత్తుకు వచ్చింది. అప్పుడు ఒక రోజు, వరుసకు మామ అయ్యే ఆయన మేకలు పడమటి గట్టు వెంట ఉన్న మూడు సాళ్లలో పడ్డాయి. నేను కర్ర పట్టుకుని పరుగెత్తేసరికి తలలన్నీ పోయి మొక్కలు మొండి పుల్లల్లా నిలబడ్డాయి. ఒక మేక మాత్రం నన్ను చూసి కూడా కదలకుండా, రెమ్మ నోట్లో పెట్టుకుని తీరిగ్గా నములుతూనే ఉంది. ఆ నిదానం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పెద్దమనుషుల దగ్గర కూర్చోబెట్టి మామ చేత 1,500 రూపాయలు కట్టించాను.

ఇప్పుడు అసలు సంగతి. ఆ మూడు సాళ్లే చేనంతటిలో గుబురుగా ఉన్నాయి. మేయని మొక్క నిటారుగా ఒక్క కాండంతో పోతే, మేసినది కింది నుంచే చేతులు చాచినట్లు విచ్చుకుంది. ఊరికే కళ్లతో చూసి చెప్పడం లేదు. మేసిన సాళ్లలో పది, నడి చేనులో పది మొక్కలు తీసుకుని కొమ్మలు లెక్కపెట్టాను. మేయనివాటికి సగటున 11 కొమ్మలు, మేసినవాటికి 17. కాయలు కూడా మేసినవాటికే ఎక్కువ కనబడుతున్నాయి. మామ నిన్న గట్టు మీద కూర్చుని, "తలలు తుంచిన కూలి నువ్వే నాకు బాకీ" అంటున్నాడు.

వెక్కిరింతకు జవాబు చెప్పలేక అడగడం లేదు. నాకు నిజంగానే అర్థం కాలేదు. తినేస్తే బలపడే గుణం మొక్కకు ఎక్కడి నుంచి వచ్చింది? అలా బలపడేదే అయితే మొదటే అన్ని కొమ్మలూ ఎందుకు వేయలేదు?

—

విశ్రాంత వృక్షశాస్త్రం
నవంబరు 23

అమ్మా, మీ రెండో ప్రశ్న బంగారం లాంటిది. 31 ఏళ్లు కాగితాలకు అతికించిన ఎండు మొక్కలు చూపించి పాఠం చెప్పినవాణ్ని నేను. ఇంత మంచి ప్రశ్న తరగతిలో ఒక్కరూ అడగలేదు. అడిగించేలా నేను చెప్పలేదేమో కూడా.

ముందు సులువైన సగం. కంది కాండం మీద ప్రతి ఆకు మొదట్లో, ఆకుకూ కాండానికీ మధ్య ఉన్న సందులో, ఆవగింజంత మొగ్గ ఒకటి ఉంటుంది. రేపు పొద్దున ఆకు పక్కకు వంచి చూడండి, కనబడుతుంది. అది కొమ్మ కావలసిన మొగ్గ. కానీ పైన తల ఉన్నంతకాలం అది లేవదు. తల నుంచి ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగుతూ, పక్క మొగ్గలను పడుకోబెట్టి ఉంచుతుంది. 1930లలో థీమన్, స్కూగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చిక్కుడు జాతి మొక్కల తలలు కోసి, కోసిన చోట ఆక్సిన్ పెట్టి చూశారు. తల లేకపోయినా మొగ్గలు లేవలేదు. పెద్దరికం తలది కాదు, తల నుంచి దిగే ఆక్సిన్‌ది అని అక్కడ తేలింది. మీ మామగారి మేకలు ఆ పెద్దరికాన్ని కొరికేశాయి, పడుకున్నవన్నీ లేచాయి. కంది కొనలు తుంచమని వ్యవసాయాధికారులు చెప్పేదీ ఇందుకే.

ఇక మీ రెండో ప్రశ్న. మొదటే ఎందుకు వేయలేదు? అడవిలో ఉన్న మొక్కను తలచుకోండి. చుట్టూ గడ్డి, పొదలు, నీడ. ముందు పైకి పోయి వెలుతురు పట్టుకున్నదే బతుకుతుంది. కాబట్టి ఒక్క కాండంగా పోవడం లాభం. అయితే ఉన్న మొగ్గలన్నీ అప్పుడే ఖర్చు చేసిన మొక్కను జింక ఒక్కసారి కొరికితే అక్కడితో సరి. కొన్ని మొగ్గలను లేపకుండా, వేళ్లలో కాస్త పిండి పదార్థం ఖర్చు చేయకుండా ఉంచుకున్నది తిరిగి లేచి గింజ వేస్తుంది. ఆ గింజలో ఆ గుణమే దిగుతుంది. తరాల తరబడి మేత పడిన చోట అలాంటివే మిగిలాయి. మొక్క తెలిసి చేసినది ఏదీ లేదు. దాచుకోనివి గింజ వేయకుండానే పోయాయి, అంతే.

కంది తొలి నెలన్నర పైకి పెరగక విసిగిస్తుంది కదా? ఆ రోజుల్లో అది వేరును లోతుకు దింపుతూ ఉంటుంది. మేకకు అందని సొత్తు అది.

గరికది ఇంకో దారి. గడ్డి జాతి పెరిగే మొగ్గ నేలకు ఆనుకుని అడుగున ఉంటుంది, ఆకు కింది నుంచి పైకి తోసుకు వస్తుంది. గేదె ఆకు కొరికినా మొగ్గ పళ్లకు దొరకదు. అందుకే గరికను మేపి చంపినవాళ్లు లేరు.

మీ చేనులో జరిగినట్లే జరిగిందని పేరుపడ్డ అధ్యయనం ఒకటి ఉంది. అమెరికాలోని అరిజోనాలో ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర, ఎర్రటి బూరల్లాంటి పూలు పూసే ఇపోమాప్సిస్ అనే అడవి మొక్క మీద చేశారు. అది జీవితంలో ఒక్కసారే పూసి చచ్చిపోతుంది. ఆ ఒక్క పూల కాడనూ ఎల్క్ దుప్పులు, జింకలు దాదాపు మొదలు దాకా కొరికేస్తాయి. 1987లో పెయిజ్, విట్‌హామ్ ప్రకటించిన లెక్క ప్రకారం, కొరికిన మొక్కలు ఒక కాడకు బదులు అనేక కాడలు వేసి, కొరకని వాటికంటే సుమారు 2.4 రెట్లు సంతానాన్ని మిగిల్చాయి. దాన్ని చదివిన రోజు నేను మా ఆవిడకు అన్నం తింటూ చెప్పాను. "అయితే మన గులాబీలను నేను కత్తిరిస్తే ఎందుకు అరుస్తారు?" అంది.

—

తూకం రాళ్లు
నవంబరు 24

మాస్టారి మాటకు అడ్డు చెప్పాలని కాదు గానీ, ఆ కథలో సగమే చెప్పారు. 1992లో బెర్గెల్సన్, క్రాలీ అనే ఇద్దరు అదే ఇపోమాప్సిస్‌ను వేరే చోట్ల పరీక్షించారు. కొరకడం వల్ల లాభం వాళ్లకు కనబడలేదు. ఆ తర్వాత రెండు పక్షాల మధ్య ఏళ్ల తరబడి వాదన నడిచింది. తిన్న నష్టాన్ని పూడ్చుకోవడం మొక్కల్లో మామూలు విషయం. తినడం వల్ల లాభం రావడం అరుదు. ఈ తేడా చెప్పకపోతే మీ మామగారు కూలి వసూలు చేసుకుంటారు.

గట్టు పక్క ఇల్లు గారూ, మీరు లెక్క పెట్టడం నాకు నచ్చింది. లెక్క పెట్టిన చోటే చిక్కు ఉంది. మేసినవి గట్టు పక్క సాళ్లు. మేయనివి నడి చేనులోవి. గట్టు పక్క మొక్కకు ఒక వైపు పోటీ లేదు, ఎండ ఎక్కువ, గట్టు కింద తేమ ఎక్కువ సేపు నిలుస్తుంది. పైగా మేకలు మేసి ఊరికే పోవు, పెంటికలు వేసిపోతాయి. మేకలు రాకపోయినా గట్టు సాళ్లు బలంగానే ఉండేవేమో?

మీకు ఇంకో గట్టు ఉందా? మేకలు పడని గట్టు? ఉంటే దాని పక్కన పది మొక్కలకు గుర్తు పెట్టండి. కొమ్మలు వద్దు, కాయలూ వద్దు, గింజ తూచండి. కొమ్మలు చూసి మురిసిపోతే కాటా ఒప్పుకోదు.

—

గట్టు పక్క ఇల్లు
నవంబరు 24

తూర్పు గట్టు ఉంది. అటు ముళ్లకంప వేశాం, మేకలు పడలేదు. ఈ మాట నాకు తట్టనే లేదు. పాత చీర ఒకటి చింపి, మూడు చోట్లా పదేసి మొక్కలకు పీలికలు కట్టి వచ్చాను. పడమటి గట్టువి మేసినవి, తూర్పు గట్టువి మేయనివి, నడి చేనువి మేయనివి. కాండాలు చేతికి తగిలేలా వంగి కట్టేటప్పుడు మాస్టారు చెప్పిన మొగ్గలు కూడా చూశాను. మేసిన మొక్కల్లో కొరికిన గుర్తు కింద మూడు నాలుగు మొగ్గలు కొమ్మలయ్యాయి గానీ, ఇంకా కిందివి లేవనే లేదు. ఇంకోసారి మేస్తే వాటి వంతు కాబోలు.

—

పాడి గేదెలు
నవంబరు 24

నాది నంద్యాల వైపు. ఇక్కడ అందరూ మొక్క మంచితనం గురించే మాట్లాడుతున్నారు. నాకు దాని రెండో ముఖం తెలుసు.

నాలుగేళ్ల క్రితం జొన్న కోసిన చేనులో వాన పడి మోళ్ల నుంచి పిలకలు లేచాయి. తర్వాత మూడు వారాలు వాన లేదు, పిలకలు జానెడు ఎత్తులో వాడిపోయాయి. కట్టు తెంపుకున్న చూడి గేదె అందులోకి పోయింది. నేను చూసేటప్పటికి వణుకుతూ, నోరు తెరిచి ఎగశ్వాస తీస్తోంది. పశువైద్యుడికి ఫోను చేసి ఆయన వచ్చేలోపే కూలబడి పోయింది. అర గంట కూడా పట్టలేదు. మా నాయన ఒక్క ముక్కే అన్నాడు: "నాము తగిలింది."

కోసిన జొన్న మళ్లీ లేచే పిలకను మా వైపు నాము అంటారు. మా తాతల నుంచీ అందరికీ తెలుసు, అయినా తాడు తెగితే ఏం చేస్తాం. నా ప్రశ్న ఇది. కంది కొరికించుకుని కొమ్మలు వేస్తుంది. జొన్న కోయించుకుని పిలకలు వేస్తుంది. రెండూ ఒకే పని. మరి జొన్న పిలకలోనే విషం ఎందుకు? ఎదిగిన జొన్న చొప్ప ఏడాదంతా అదే గేదె తిన్నది కదా!

—

విశ్రాంత వృక్షశాస్త్రం
నవంబరు 25

మీ గేదె సంగతి చదివి రాత్రి జవాబు రాయలేకపోయాను. చూడిది అన్నారు.

తూకం రాళ్లు గారు చెప్పింది నిజం. 1992 నాటి ఆ పత్రం నాకూ తెలుసు. కథ అందంగా ఉందని దాటేశాను. తప్పు నాదే.

ఇక జొన్న. ఇందులో ఉన్న పదార్థం పేరు ధుర్రిన్. అరబ్బీలో జొన్నను ధుర్రా అంటారు, దాని నుంచి వచ్చిన పేరు. ధుర్రిన్ ఒక్కటే ఉంటే ప్రమాదం లేదు. దాన్ని విరగ్గొట్టే ఎంజైము ఒకటి ఆకులోనే ఉంటుంది. ధుర్రిన్ ఆకు పైపొర కణాల్లో, సంచిలో కట్టి పెట్టినట్లు ఉంటుంది. ఎంజైము లోపలి పచ్చటి కణాల్లో ఉంటుంది. ఆకు క్షేమంగా ఉన్నంతకాలం రెండూ కలవవు. నమిలితే గోడలు చిట్లి రెండూ కలుస్తాయి, హైడ్రోజన్ సైనైడ్ పుడుతుంది. అది ఒంట్లోని కణాలు ఆక్సిజన్‌ను వాడుకోకుండా చేస్తుంది. రక్తంలో ఆక్సిజన్ ఉంటుంది, కణం తీసుకోలేదు. అందుకే అలా పోయిన పశువు రక్తం మరీ ఎర్రగా ఉంటుంది. నెమరు వేసే పశువులకు ఇంకా చేటు. వాటి పొట్టలోని సూక్ష్మజీవులు కూడా ధుర్రిన్‌ను విరగ్గొట్టగలవు.

పిలకలోనే ఎందుకు అన్నారు. లేత జొన్నలో ధుర్రిన్ ఎక్కువ, ఎదిగేకొద్దీ తగ్గుతుంది. వాన లేక వాడినప్పుడు, యూరియా దండిగా పడినప్పుడు పెరుగుతుంది. మీ చేనులో లేతదనం, కోత తర్వాతి పిలక, బెట్ట మూడూ కలిశాయి. మొక్క వైపు నుంచి చూస్తే లెక్క సరిగ్గానే ఉంది. ఎదిగిన ఆకు పోతే ఒక ఆకు పోయినట్లు. కోసిన మోడు తన మిగులంతా పెట్టి వేసిన పిలక పోతే ఇక పెట్టడానికేమీ మిగలదు. విషం తయారు చేయడానికీ ఖర్చే, నత్రజని కావాలి. అందుకని ఉన్నదాన్ని కాపాడుకోవలసిన చోట పెట్టిన జొన్నలే నిలిచాయి. మీరు వేరు వేరు అనుకున్నవి, తిరిగి లేవడమూ తిననివ్వకపోవడమూ, ఆ జానెడు పిలకలో రెండూ ఉన్నాయి.

ఈ విషం పశువులకోసమే పుట్టిందనుకోకండి. పురుగుల మీద కూడా పని చేస్తుంది. 2013లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు, ఆ ఎంజైము సరిగా లేక సైనైడ్ త్వరగా వదలలేని జొన్న రకాన్ని పట్టుకున్నారు. మన మొక్కజొన్న రైతులను ఏడిపిస్తున్న కత్తెర పురుగుకు రెండు రకాల ఆకులూ పెడితే, అది ఆ రకం ఆకునే ఎంచుకుని ఎక్కువగా తిన్నది.

ఇక్కడికి వచ్చే ఇతర రైతుల కోసం: పూత దశ దాటాక మేపడం క్షేమం. బాగా ఎండబెట్టిన చొప్పలోనూ, పాతర వేసిన మేతలోనూ సైనైడ్ చాలావరకు పోతుంది. పశువుకు తగిలితే పశువైద్యుడు సోడియం థయోసల్ఫేట్ సూదిమందు నరానికి ఇస్తారు, నిమిషాలే లెక్క. చిట్కాల కోసం వెతుకుతూ కూర్చోకండి.

—

పాడి గేదెలు
నవంబరు 25

ఆ రోజు మా వాన లేని మూడు వారాలే దాన్ని చంపాయన్నమాట. కట్టు తెగిందని ఇన్నేళ్లూ పలుపును తిడుతున్నాను.

శనగ చేనులో నడిస్తే కాళ్లు మండుతాయి, పంచె అంచులు పాడవుతాయి. అదీ ఇలాంటిదేనా?

—

విశ్రాంత వృక్షశాస్త్రం
నవంబరు 25

అదీ అంతే. శనగ ఆకు మీది సన్న నూగు నుంచి మాలిక్, ఆక్సాలిక్ ఆమ్లాలు ఊరుతాయి. చాలా పురుగులు దాన్ని భరించలేవు. శనగ పచ్చ పురుగు మాత్రం భరించడం నేర్చుకుంది. మొక్క ఒక తలుపు మూస్తే పురుగు ఇంకో కిటికీ వెతుకుతుంది, పాలు కారే జిల్లేడు ఆకు తిని పెరిగే సీతాకోక గొంగళి లాగా.

కంది మీదికి మళ్లీ వస్తాను. మన తూర్పు కనుమల్లో, ఒడిశాలో కందికి దగ్గర చుట్టమైన అడవి కంది ఉంది. ఇంకో దూరపు చుట్టం, నేల మీద పాకే కజానస్ స్కారబియాయిడిస్, మన గడ్డి భూముల్లో కూడా కనబడుతుంది. దాని కాయ వేలితో రుద్దితే కంబళి రుద్దినట్లు ఉంటుంది, అంత నూగు. కాయ తొలిచే పురుగు పిల్లకు ఆ నూగు దాటి తొక్క చేరడమే కష్టం. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థ వాళ్లు పురుగును తట్టుకునే గుణం కోసం ఈ అడవి కందుల వైపు చూసింది అందుకే. మనం తినడానికి వీలైన పెద్ద గింజ, నున్నటి కాయ ఏరుకుంటూ వచ్చాం. ఆ ఏరివేతలో కంబళి జారిపోయింది. తిరిగి కొమ్మ వేసే గుణం జారిపోలేదు, మనకు అదీ కావాలి కాబట్టి.

—

గట్టు పక్క ఇల్లు
జనవరి 18

ఆలస్యానికి క్షమించండి. కోత, నూర్పిడి, తర్వాత పండుగ. పీలికలు కట్టిన ముప్పై మొక్కలనూ విడిగా కోసి, మూడు గోనె సంచుల్లో వేసి, డాబా మీద ఆరబెట్టి, కర్రతో కొట్టి, కిరాణా కొట్టు కాటా మీద తూచాను. కొట్టు ఆయన మూడుసార్లూ "ఇంతేనా?" అని అడిగాడు.

నడి చేను పది మొక్కలు: 410 గ్రాములు.
తూర్పు గట్టు, మేయనివి: 560 గ్రాములు.
పడమటి గట్టు, మేసినవి: 540 గ్రాములు.

తూకం రాళ్లు గారూ, మీరు గెలిచారు. నేను మేకల పుణ్యం అనుకున్నదంతా గట్టు పుణ్యమే. కానీ నా కంటికి ఇంకొకటి కూడా ఆనింది. తలలన్నీ పోయి పుల్లల్లా నిలబడ్డ మొక్కలు చివరికి 20 గ్రాములే వెనకబడ్డాయి. ఆగస్టులో ఆ సాళ్లు చూసి నేను పూర్తిగా పోయాయనుకున్నాను, పోయాయనే డబ్బు కట్టించాను.

ఒక తేడా మాత్రం ఉంది. మేసినవి పదకొండు పన్నెండు రోజులు ఆలస్యంగా పూశాయి. ఆ ఆలస్యపు పూతకు గూడు పురుగు ఎక్కువ పట్టింది. గూళ్లు విప్పితే పూలూ మొగ్గలూ కలిపి అల్లిన ముద్ద, లోపల పురుగు. అది లేకపోతే ఆ 20 గ్రాములూ వచ్చేవేమో.

—

తూకం రాళ్లు
జనవరి 18

పదేసి మొక్కల మీద 20 గ్రాముల తేడాను తేడా అనకండి. కాటా మీద ఈగ వాలినా అంత వస్తుంది. సమానం అనుకోండి. మేత పడ్డాక బాగా వానలు పడ్డాయా?

—

గట్టు పక్క ఇల్లు
జనవరి 19

పడ్డాయి. ఆగస్టు చివర వారం రోజులు విడవకుండా పడ్డాయి. సెప్టెంబరులో కూడా రెండు మంచి వానలు.

—

తూకం రాళ్లు
జనవరి 19

అదే మరి. పిండి వేళ్లలో దాచినా, లేపడానికి నీళ్లు కావాలి. అదే మేత అక్టోబరులో, పూత మీద, బెట్టలో పడి ఉంటే ఈ పోస్టు వేరే పేరుతో వచ్చేది. మామగారి 1,500 తిరిగి ఇవ్వాలని మాత్రం తొందరపడకండి.

—

గట్టు పక్క ఇల్లు
జనవరి 19

ఇవ్వలేదు. తూకాల కాగితం మాత్రం చూపించాను. చాలాసేపు చూసి, "అయితే వచ్చే ఏడు తూర్పు గట్టు వైపు పడతాయిలే, సమానం చేద్దాం" అన్నాడు. సగం సాళ్లే, నలభై ఐదో రోజున, అదీ నేను దగ్గర నిలబడి చూస్తుంటేనే అన్నాను. ఆ నిదానం మేక రాకూడదని కూడా చెప్పాను.